సెస్నా 172ఎస్: అంతా బాగుంది, ముక్కు చక్రం తప్ప

మన విజయవాడ, గుంటూరు పిల్లలు పైలట్ శిక్షణకు ఎక్కడికెళ్లినా ఎక్కే అవకాశం ఎక్కువున్న విమానం ఇది. 180 హార్స్‌పవర్ లైకమింగ్ ఇంజన్, నాలుగు సీట్లు. గాల్లో చాలా నెమ్మదస్తురాలు. స్టాల్‌కి (ముక్కు మరీ పైకెత్తి రెక్కలు విమానాన్ని మోయలేకపోయే స్థితికి) ముందే హారన్ మోగుతుంది, ముక్కు దించితే మళ్లీ దారికొస్తుంది. కొత్తవాళ్ల తప్పులు చాలావరకు ఓర్చుకుంటుంది. ముక్కు చక్రం మీద దిగడం మాత్రం ఓర్చుకోదు.

ఆ చక్రం స్ట్రట్ (కుదుపుని మింగే కాలు) బిగించి ఉండేది ఫైర్‌వాల్‌కి, అంటే ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉన్న పల్చటి రేకుకి. దిగేటప్పుడు బరువు మోయాల్సింది వెనక చక్రాలు. ఫ్లాప్స్ (రెక్కల వెనక ఉండే పలకలు) పూర్తిగా దించి, ఫైనల్‌లో (రన్‌వేకి ఎదురుగా దిగొచ్చే చివరి దశలో) 60 నుంచి 70 నాట్ల వేగం ఉండాలని మాన్యువల్ చెబుతుంది. 80తో వస్తే నేల దగ్గరికొచ్చాక కూడా తేలుతూనే ఉంటుంది. ఆగలేక యోక్ (విమానం స్టీరింగ్) ముందుకు తోస్తారు. ముక్కు చక్రం ముందు తగిలి విమానం పైకి లేస్తుంది. మళ్లీ తోస్తారు, ఇక కప్పగంతులే. రెండో మూడో గంతుకి ఫైర్‌వాల్ ముడతలు పడుతుంది, ప్రొపెల్లర్ కొస నేలకి తగులుతుంది. తగిలిందంటే ఇంజన్ దించి, విప్పి చూడాల్సిందే.

మన ఎండ దీన్ని ఇంకా పెంచుతుంది. గన్నవరంలో 45 డిగ్రీలుంటే గాలి 3,600 అడుగుల ఎత్తులో ఉన్నంత పల్చగా ఉంటుంది. మీటర్‌లో 65 చూపించినా అసలు వేగం 68 దాటుతుంది. పైగా 3,360 మీటర్ల రన్‌వే ఉంది కదా అని వేగం తగ్గించుకోరు. అసలు చిక్కు అక్కడే.

దిగేటప్పుడు గంతేసిందా, సరిదిద్దబోకండి. థ్రాటిల్ (ఇంజన్ శక్తి పెంచే పిడి) పూర్తిగా, ఫ్లాప్స్ 20 డిగ్రీలకి, 60 నాట్లతో పైకి. అడ్డంకులు దాటేదాకా ఫ్లాప్స్ 10, 65 నాట్లు దాటి తగినంత ఎత్తు వచ్చాకే సున్నా.

ఎక్కేముందు వంగి చూడండి. స్ట్రట్ మెరుపు కడ్డీ బయటికి కనపడాలి, కనపడకపోతే గ్యాసో నూనో కారినట్టు. ముక్కు టైరులో 45 పీఎస్ఐ ఉండాలి. ఫైర్‌వాల్ వెనక పొట్ట రేకుమీద ముడతలున్నా, రివెట్ల చుట్టూ నల్లటి చారలున్నా ఆ రోజు ఎక్కొద్దు. ఇంధనం డ్రెయిన్లు (నమూనా తీసే చిన్న కవాటాలు) 13, రెక్కకి అయిదు చొప్పున, పొట్టకింద మూడు. అన్నీ పట్టి చూడాలి. నీలం పెట్రోలు అడుగున నీటిబొట్టు గాజుపూసలా కూర్చుంటుంది.

శిక్షణకి 5కి 4 ఇస్తాం. గట్టిగా దిగితే మాత్రం టెక్ లాగ్‌లో (విమానం లోపాలు రాసే పుస్తకంలో) రాయకుండా తాళాలు ఇచ్చేయకండి. ఫైర్‌వాల్ ముడత చాలాసార్లు కౌలింగ్ (ఇంజన్ మూత) విప్పితేగానీ కనపడదు, తర్వాత ఎక్కేవాళ్లకి తెలియదు.