పోర్ట్‌మెరియన్‌లో రాత్రి బస: ‘ప్రిజనర్’ అభిమానులతో మనుషుల చదరంగం

బ్రిటన్‌లోని వేల్స్ తీరాన ఉన్న పోర్ట్‌మెరియన్‌ను పగలు చూసి సాయంత్రం రైలుకు తిరిగి వచ్చేద్దామనుకునేవారికి ముందే ఒక మాట చెప్పాలి. మిగతా ఖర్చులు ఎక్కడైనా తగ్గించుకోండి గానీ, ఒక్క రాత్రి మాత్రం ఆ గ్రామం లోపలే ఉండండి. ‘ది ప్రిజనర్’ సీరియల్ మీద మమకారంతో వెళ్లేవారికైతే ఇది మరీ ముఖ్యం. రోజు టికెట్టు మీద వచ్చిన జనమంతా వెళ్లిపోయాకే ఆ ఊరు మనం తెర మీద చూసిన ‘విలేజ్’ అవుతుంది.

ఆ సీరియల్ తెలియనివారి కోసం రెండు ముక్కలు. 1967, 1968 సంవత్సరాల్లో బ్రిటన్‌లో ఐటీవీలో వచ్చిన సైన్స్ ఫిక్షన్ సీరియల్ ఇది. మొత్తం 17 ఎపిసోడ్లు. గూఢచారి ఉద్యోగానికి రాజీనామా చేసిన ఒక మనిషి స్పృహ తప్పి, ఎక్కడుందో తెలియని ఒక అందమైన ఊళ్లో కళ్లు తెరుస్తాడు. అక్కడ ఎవరికీ పేర్లుండవు, నంబర్లే. ఇతడు నంబర్ సిక్స్. అతడి చేత రాజీనామా కారణం చెప్పించడమే అక్కడి అధికారి నంబర్ టూ పని. దాదాపు ప్రతి ఎపిసోడ్‌కూ కొత్త నంబర్ టూ వస్తాడు. ఎవరైనా పారిపోబోతే తెల్లటి పెద్ద బంతి ‘రోవర్’ వెంటాడి ఊపిరాడకుండా చేస్తుంది. నంబర్ సిక్స్‌గా నటించిన పాట్రిక్ మగూహన్ దీనికి ప్రాణం పోశారు. కొన్ని ఎపిసోడ్లను రాసి, దర్శకత్వం వహించింది కూడా ఆయనే. ఊరి దృశ్యాల చిత్రీకరణ 1966 సెప్టెంబరులో వేల్స్ వాయవ్య తీరంలోని పోర్ట్‌మెరియన్‌లో మొదలైంది. అది ఏ ఊరో చివరి ఎపిసోడ్ దాకా ప్రేక్షకులకు చెప్పలేదు.

మేము బర్మింగ్‌హామ్ నుంచి రైల్లో వెళ్లాం. నేను, నా భార్య, మా తోడల్లుడి కుటుంబం. ప్రయాణం నాలుగు గంటల పైనే. ఒక్క విషయంలో జాగ్రత్తగా ఉండాలి. మఖన్లెత్ స్టేషన్‌లో రైలు రెండుగా విడిపోతుంది. సగం పెట్టెలు ఆబరిస్ట్విత్ వైపు, సగం ప్వల్‌హెలి వైపు వెళతాయి. మీరు ప్వల్‌హెలి పెట్టెల్లో ఉండాలి. ఎక్కేటప్పుడే గార్డును అడగండి. దిగాల్సింది మిన్‌ఫోర్ద్. అది చిన్న స్టేషన్, అక్కడ దిగుతామని గార్డుకు ముందే చెప్పుకోవాలి. దారి మాత్రం ఎంత చూసినా తనివి తీరదు. బార్మత్ దగ్గర నదీముఖం మీద చెక్క వంతెనపై రైలు మెల్లగా సాగుతుంటే ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం. తర్వాత హార్లెక్ కోట. ఎడమవైపు సీట్లు దొరికితే వదులుకోవద్దు. మిన్‌ఫోర్ద్ నుంచి పోర్ట్‌మెరియన్‌కు అరగంట లోపు నడక. పెట్టెలు బరువైతే టాక్సీ ముందురోజే మాట్లాడుకోండి. అది పల్లెటూరు. రోడ్డు మీదకు వచ్చి చెయ్యి ఊపితే ఆగే బండి ఉండదు. మేము తిరుగు ప్రయాణానికి చెప్పిన టాక్సీ రానే లేదు. వర్షంలో పెట్టెలు లాక్కుంటూ నడిచాం.

మొదట పక్కనున్న పోర్త్‌మాడాగ్ పట్నంలో ఒక చిన్న లాడ్జిలో దిగాం. శుభ్రంగా ఉంది, ధర అందుబాటులో ఉంది, ఇంటావిడ ఎంతో ఆదరంగా చూసింది. మెట్లే నిటారుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులవారికి కష్టం. తర్వాత గ్రామంలోకి మారాం. పోర్ట్‌మెరియన్‌లో బస మూడు రకాలు. నీటి ఒడ్డున ప్రధాన హోటల్ ఒకటి. 1981లో కాలిపోయి, 1988లో మళ్లీ తెరుచుకున్నది ఇదే. సీరియల్లో వృద్ధాశ్రమంగా కనిపించేదీ ఇదే. రెండవది పైన కొండ మీద, ప్రవేశద్వారం వైపు ఉన్న కాస్తెల్ డైడ్రైత్ అనే పాత భవంతి. గదులు కొత్త తరహాలో, సౌకర్యంగా ఉంటాయి గానీ, ఊరి నడిమధ్యన ఉన్న భావన కలగదు. మూడవది గ్రామంలోని రంగురంగుల ఇళ్లలోనే గదులు. అభిమానులు తీసుకోవలసింది ఇవే. గోడలు మందం, కిటికీలు చిన్నవి, గదులు ఒక్కొక్కటి ఒక్కో ఆకారంలో ఉంటాయి. ఖరీదు ఎక్కువే, దాచేదేమీ లేదు. అయినా నేను పెట్టిన ప్రతి పౌండూ సార్థకమే అంటాను.

ఈ ఊరిని కట్టింది క్లఫ్ విలియమ్స్-ఎల్లిస్ అనే వాస్తుశిల్పి. 1925లో మొదలుపెట్టి, మధ్యలో యుద్ధకాలంలో ఆపి, మొత్తం యాభై ఏళ్లు కట్టారు. దేశంలో ఎక్కడ మంచి భవనం కూలగొడుతున్నా దాని ముక్కలు కొని తెచ్చేవారు. టౌన్ హాల్ పైకప్పు చూడకుండా రావద్దు. పదిహేడవ శతాబ్దపు సున్నపు పనితనం అది, హెర్క్యులీస్ కథలతో. ఎమ్రల్ హాల్ అనే భవంతిని పడగొడుతుంటే ఆ పైకప్పును 1936లో వేలంలో 13 పౌండ్లకు పాడుకున్నారట. తెచ్చి బిగించడానికి మాత్రం అంతకు ఎన్నో రెట్లు అయింది. బ్రిస్టల్ నుంచి స్తంభాల వరుస ఒకటి 1959లో వచ్చింది. తీరిగ్గా చూస్తే గోడల మీద కొన్ని కిటికీలు కిటికీలే కావు, రంగుతో గీసిన బొమ్మలు. పైఅంతస్తుల కిటికీలు కావాలని చిన్నవిగా పెట్టారు, దూరం నుంచి మేడ ఎత్తుగా కనబడాలని. మా తోడల్లుడి చిన్నమ్మాయి ఒక కిటికీ దగ్గరకు వెళ్లి తలుపు పట్టుకుని లాగబోయింది. వేళ్లకు తగిలింది గోడే. ఏది నిజమో ఏది నటనో తెలియని కథకు ఇంతకన్నా తగిన చోటు ఆ చిత్రబృందానికి ప్రపంచంలో మరెక్కడా దొరికేది కాదని నా గట్టి నమ్మకం.

అభిమానులు ఒకటి తెలుసుకుని వెళ్లాలి. లోపలి దృశ్యాలు బోరహామ్‌వుడ్‌లోని ఎంజీఎం స్టూడియోలో తీసినవి. కాబట్టి ఆకుపచ్చ గుమ్మటం కింద నంబర్ టూ గుండ్రటి గది ఉండదు. నంబర్ సిక్స్ ఇల్లు తలుపు తీస్తే కనిపించేది చిన్న దుకాణం. బ్యాడ్జీలు, పుస్తకాలు, కప్పులు అమ్ముతారు. ఊరి బయటి రూపమే అసలు సంగతి. గంట గోపురం, నీటి ఒడ్డున కదలని రాతి పడవ, రోవర్ దొర్లుకుంటూ వచ్చిన ఇసుక తిన్నెలు అన్నీ అలాగే ఉన్నాయి. రోవర్‌ను మొదట యంత్రంతో నడిచే బండిగా తయారు చేయించారని, అది పనికిరాకపోవడంతో వాతావరణ పరిశీలనకు ఎగరేసే బెలూన్లతో పని కానిచ్చారని అభిమానులు ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. ఆ బెలూనే ఇంతకాలం మనుషుల్ని భయపెడుతోంది.

మేము వెళ్లింది అభిమానులు కలుసుకునే రోజుల్లో. ‘సిక్స్ ఆఫ్ వన్’ అనే అభిమాన సంఘం 1977లో ఏర్పడింది. 2009లో కన్నుమూసేదాకా మగూహన్ దానికి గౌరవాధ్యక్షుడిగా కూడా ఉన్నారు. నటీనటులను పిలిచి మాట్లాడించడం, ‘చెక్‌మేట్’ ఎపిసోడ్‌లోని మనుషుల చదరంగాన్ని ఇక్కడి పచ్చికపైనే మళ్లీ ఆడటం ఆ సంఘం పెట్టిన ఆనవాయితీ. తెల్ల అంచు కోట్లు, చారల టోపీలు, రంగుల గొడుగులతో ఊరంతా నిండిపోయింది. ఎదురుపడినవారు బొటనవేలు, చూపుడువేలు కలిపి కంటి దగ్గర పెట్టి తీసే ఆ సీరియల్ వందనం చేస్తారు. కాసేపటికి మనకూ అలవాటైపోతుంది.

‘చెక్‌మేట్’ ప్రసారంలో తొమ్మిదవ ఎపిసోడ్. రాసింది జెరాల్డ్ కెల్సీ, దర్శకుడు డాన్ చాఫీ, నంబర్ టూగా పీటర్ విన్‌గార్డ్. నంబర్ సిక్స్‌ను రాణి ముందు బంటుగా నిలబెడతారు. ఆట మధ్యలో ఏనుగుగా నిలబడిన మనిషి ఆజ్ఞ లేకుండానే తనంతట తాను కదులుతాడు. వెంటనే అతణ్ణి ఆసుపత్రికి తరలిస్తారు, ‘చికిత్స’కు. ఎవరు ఖైదీ, ఎవరు కాపలాదారు అన్నది మనుషుల తీరును బట్టి గుర్తుపట్టవచ్చని నంబర్ సిక్స్ నేర్చుకుంటాడు. గట్టిగా మాట్లాడితే జంకేవాడు ఖైదీ, జంకనివాడు కాపలాదారు. అలా కొందరిని కూడగట్టి పారిపోయే పథకం వేస్తాడు. చివరికి వాళ్లే ఇతడిని నమ్మరు. అంత దర్పంగా మాట్లాడేవాడు కాపలాదారే అయివుంటాడని ఆ ఏనుగు మనిషి అనుకుంటాడు. తన ఆయుధమే తనకు ఉచ్చు అయింది. మొత్తం సీరియల్లో నాకు అన్నిటికన్నా లోతుగా తగిలిన మలుపు ఇది.

బంటులు తక్కువ పడ్డాయని నన్నూ నిలబెట్టారు. చేతిలో కర్ర, దాని చివర బంటు గుర్తు. ఎత్తైన కుర్చీలో కూర్చున్న ఆటగాడు మైకులో ఎత్తు చెబుతాడు, మనం కదలాలి. చాలాసేపు నా వంతు రాలేదు. నా ముందున్న మనిషి వీపు తప్ప బల్ల నాకు కనబడదు. ఆట ఎటు పోతోందో తెలియదు. పక్క గడిలో ఉన్నది మనవాడేనా, అవతలివాడా అని గుర్తు చూసుకోవాల్సి వచ్చింది. టీవీలో పైనుంచి చూసినప్పుడు ఆ ఆట అందంగా ఉంటుంది. గడిలో నిలబడితే గానీ, చెప్పకుండా కదిలిన ఆ ఏనుగు మనిషికి ఎంత గుండె ధైర్యం కావాలో నాకు అర్థం కాలేదు.

చిత్రీకరణకు చుట్టుపక్కల ఊళ్లవాళ్లను గుంపు దృశ్యాలకు తీసుకున్నారు. అలా అప్పట్లో నటించిన ఒక పెద్దావిడ ఆ రోజు వచ్చింది. కథ ఏమిటో తమకెవరూ చెప్పలేదని, గొడుగు పట్టుకుని నవ్వుతూ నడవమంటే నడిచామని అంది. నా భార్య “మరి భయం వేయలేదా అమ్మా?” అని అడిగితే, “టీవీలో చూశాక వేసింది” అని సమాధానమిచ్చింది. పేరున్న నటుల ప్రసంగాల కన్నా ఆవిడ పక్కన బెంచీ మీద కూర్చున్న సమయమే నాకు విలువైనదిగా తోచింది.

భోజనం విషయానికి వస్తే, శాకాహారులకు ఇబ్బంది లేదు గానీ రకాలు తక్కువ. కఫేలు సాయంత్రం తొందరగా మూసేస్తారు. ఆ తర్వాత హోటల్ భోజనశాలే గతి, దానికీ ముందే టేబుల్ చెప్పుకోవాలి. పిల్లలుంటే పోర్త్‌మాడాగ్ నుంచే రొట్టెలు, పళ్లు తెచ్చుకోండి. ఊరంతా ఏటవాలు, ఎక్కడ చూసినా మెట్లు. చక్రాల కుర్చీ అవసరమైనవారు గది తీసుకునే ముందే హోటల్‌వారితో వివరంగా మాట్లాడాలి. టికెట్టుతో పాటు దొరికే చిన్న గైడెడ్ టూర్ తప్పక వినండి. నీటి ఒడ్డున హెచ్చరిక బోర్డులను తేలిగ్గా తీసుకోవద్దు. డుయిరిడ్ నదీముఖంలో పోటు చాలా వేగంగా వస్తుంది. రోవర్ మాదిరిగా ఇసుకలో పరుగులు తీయాలని పిల్లలు మారాం చేస్తే బోర్డు మీద వేళలు చూశాకే పంపండి.

జనం వెళ్లిపోయాక గ్రామం నడిబొడ్డున ఉన్న పచ్చిక చుట్టూ నడిచాం. దుకాణాలు మూసేశారు, దీపాలు వెలిగాయి. అన్ని కిటికీల్లోనూ మనుషులున్నట్లే ఉంది, వాటిలో కొన్ని బొమ్మ కిటికీలని తెలిసి కూడా. మా తోడల్లుడు సీరియల్ ఒక్క ఎపిసోడ్ కూడా చూడలేదు. “బావగారూ, మనల్ని ఎవరో చూస్తున్నట్లు లేదూ?” అన్నాడు. రాత్రి గదికి చేరగానే మొదటి ఎపిసోడ్ పెట్టమని అతనే అడిగాడు.

వేళ విషయంలో నా సలహా ఇది. అడవిలో రోడోడెండ్రాన్ పూలు కావాలంటే మే నెల. సీరియల్లోని వెలుగు కావాలంటే సెప్టెంబరు. అభిమానుల సమావేశం ఉన్న రోజుల్లో గ్రామంలోని గదులు అన్నిటికన్నా ముందు నిండిపోతాయి. అవి దొరక్కపోతే తేదీ మార్చుకోండి, పైన భవంతితో సరిపెట్టుకోవద్దు. ఒక పూట మిగిలితే మిన్‌ఫోర్ద్ నుంచి ఫెస్టీనియోగ్ చిన్న పట్టాల ఆవిరి రైలు ఎక్కి కొండల్లోని బ్లైనై ఫెస్టీనియోగ్ దాకా వెళ్లిరండి. దాని స్టేషన్ మీరు దిగిన స్టేషన్‌ను ఆనుకునే ఉంటుంది.