మిన్-విడ్త్‌కు నేను ఎక్కువసార్లు రాసే విలువ సున్నా

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 బ్రౌజర్ ఉన్న కాలం నుంచి వెబ్ పేజీలు తయారు చేస్తున్నాను. అప్పట్నుంచీ సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని చెప్పే భాష) నాకు రోజూ తగిలేవి మిన్-విడ్త్, మిన్-హైట్, అంటే బాక్సు ఇంతకంటే తగ్గకూడదని చెప్పే కనీస వెడల్పు, కనీస ఎత్తు. 1998 నాటి సీఎస్ఎస్ 2లోనే ఇవి ఉన్నా ఎక్స్‌ప్లోరర్ 6కి రెండూ తెలియవు. పైగా అందులో హైట్ ఎంత రాసినా, లోపల మ్యాటర్ ఎక్కువైతే బాక్సు దానంతటదే సాగేది. ఆ తప్పునే వాడుకునేవాళ్లం. ముందు మిన్-హైట్, తర్వాత ఇంపార్టెంట్ (ఇదే చెల్లాలనే గుర్తు) తగిలించిన హైట్ ఆటో (బ్రౌజరే లెక్కేసుకునేది), కింద మామూలు హైట్, ఇలా మూడు లైన్లు. 2006లో 7 వచ్చాక ఆ గొడవ తీరింది (క్లయింట్ల ఆఫీసుల్లో మాత్రం 6 చాలాకాలం వేలాడింది).

ఇప్పుడు అక్షరాలుండే బాక్సుకు హైట్ రాయడం దాదాపు మానేశాను. తెలుగు పేజీలు చేసేవాళ్లకు ఇది ఇంకా అవసరం. ఇంగ్లిష్ మెనూకి సరిపోయిన 32 పిక్సెళ్ల హైట్‌లో ‘రాష్ట్రం’ అని పెట్టి, ఓవర్‌ఫ్లో హిడెన్ (బాక్సు దాటింది కనిపించకుండా చేసేది) కూడా ఉంటే, కింది ఒత్తులు తెగిపోవచ్చు. ఫోన్‌లో ఎవరైనా అక్షరాల సైజు పెంచుకుంటే సగం మాటే పోతుంది. అదే మిన్-హైట్ అయితే బాక్సు పెరుగుతుంది, పని జరుగుతుంది. బటన్లకు నేను మిన్-హైట్ 44 పిక్సెళ్లు, మిన్-విడ్త్ 6 రెమ్ (పేజీ మూల అక్షరాల సైజుకి ఆరు రెట్లు) ఇస్తాను. ‘సరే’ బఠాణీ గింజలా మిగిలిపోదు, ‘దరఖాస్తు సమర్పించండి’కి కావలసినంత చోటు అదే తీసుకుంటుంది. 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూక్యాగ్ 2.2 (పేజీలు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే ప్రమాణం) ప్రకారం ఏఏ స్థాయికి 24 పిక్సెళ్లు చాలు, 44 అనేది అంతకంటే కఠినమైన ఏఏఏ స్థాయికి. కానీ బస్సులో నిలబడి ఒంటిచేత్తో ఫోన్ నొక్కేవాడికి 24 ఏ మూలకి?

ఇక అసలు తలనొప్పి ఫ్లెక్స్‌తో (బాక్సులను వరుసగా పేర్చి చోటు పంచే పద్ధతి). ఒక వార్తల జాబితా అనుకోండి. ఎడమవైపు చిన్న ఫొటో, కుడివైపు ఒక డివ్ (ఉత్త బాక్సు), దానిలో హెడ్‌లైన్. హెడ్‌లైన్ ఒకే లైనులో ఉండి, పట్టకపోతే చివర మూడు చుక్కలు రావాలి. హెడ్‌లైన్‌కి నోర్యాప్ (లైను విరగకుండా), ఓవర్‌ఫ్లో హిడెన్, ఎలిప్సిస్ (చుక్కల కోసం) మూడూ రాస్తాం. డివ్‌కి ఫ్లెక్స్: 1, అంటే మిగిలిన చోటు తీసుకోమని. అయినా చుక్కలు రావు, వరుస మొత్తం స్క్రీన్ దాటి పక్కకి పోతుంది. కారణం, ఫ్లెక్స్ లోపలి ఐటమ్‌కి మిన్-విడ్త్ డీఫాల్ట్‌గా సున్నా కాదు, ఆటో. లోపలున్న దాని కనీస వెడల్పు కంటే తగ్గనని ఆ డివ్ భీష్మించుకుంటుంది. నోర్యాప్ పెట్టిన హెడ్‌లైన్ కనీస వెడల్పు అంటే హెడ్‌లైన్ మొత్తం పొడవే. మందు ఒక్క లైను: ఆ డివ్‌కి మిన్-విడ్త్: 0. హెడ్‌లైన్‌కి కాదు, డివ్‌కి. ఫ్లెక్స్‌లో ఇంకో ఫ్లెక్స్ ఉంటే రెండుచోట్లా రాయాల్సిందే. టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లు ‘అన్నా, పేజీ పక్కకి జరుగుతోంది’ అని వస్తే, కోడ్ చూడకముందే నేను చెప్పే మాట ఇదే. చాలాసార్లు అదే అవుతుంది.

నిలువు ఫ్లెక్స్‌లోనూ ఇదే కథ, అక్కడ మిన్-హైట్: 0. చాట్ విండో లోపల స్క్రోల్ కావాల్సింది పోయి పేజీ మొత్తం స్క్రోల్ అవుతోందంటే మధ్యలో ఉన్న డివ్‌ని అనుమానించండి. గ్రిడ్‌లో (అడ్డం, నిలువు గళ్లుగా పేర్చే పద్ధతి) 1ఎఫ్ఆర్, అంటే మిగిలిన చోటులో ఒక వంతు, అని రాస్తే లోపల దానికి మిన్‌మ్యాక్స్(ఆటో, 1ఎఫ్ఆర్) అని అర్థం: కనీసం ఆటో, గరిష్ఠం 1ఎఫ్ఆర్. వెడల్పాటి టేబుల్ ఒకటి పడితే కాలమ్ ఉబ్బుతుంది, మిన్‌మ్యాక్స్(0, 1ఎఫ్ఆర్) అని రాస్తే దారికొస్తుంది. ఈ ఆటో డీఫాల్ట్ చెడ్డదని నేను అనను. అది లేకపోతే ఇరుకు స్క్రీన్లలో మాటలు ఒకదాని మీదకి ఒకటి ఎక్కేవి. కాకపోతే మనం రాయనిది పనిచేస్తూ ఉంటుంది కాబట్టి, కోడ్‌లో ఎంత వెతికినా దొరకదు. ఫైర్‌ఫాక్స్ ఫ్లెక్స్ ఇన్‌స్పెక్టర్‌లో ఐటమ్ మీద నొక్కితే కనీస సైజు, చివరి సైజు విడివిడిగా కనిపిస్తాయి. ఈ ఒక్క పనికి నేను క్రోమ్ వదిలి అటు వెళ్తాను.

తెలుగుతో ఇంకో చిక్కు ఉంది. ‘ఎదుర్కోవాల్సివచ్చినప్పటికీ’ లాంటి మాట మధ్యలో ఖాళీ ఉండదు, కాబట్టి కనీస వెడల్పు అంతా ఆ ఒక్క మాటే నిర్ణయిస్తుంది. ఓవర్‌ఫ్లో-ర్యాప్‌కి (పట్టని మాటని విరవాలో లేదో చెప్పేది) బ్రేక్-వర్డ్ ఇస్తే మాట విరుగుతుంది గానీ కనీస వెడల్పు లెక్క మారదు. ఎనీవేర్ ఇస్తే లెక్క కూడా తగ్గుతుంది, మిన్-విడ్త్: 0 అక్కర్లేదు. వినడానికి బాగుంది. టేబుల్లో పెట్టి చూడండి, ఇరుకు కాలమ్‌లో అక్షరాలు ఒకదాని కింద ఒకటి నిచ్చెన మెట్లెక్కుతాయి. అందుకే నా ఓటు బ్రేక్-వర్డ్, మిన్-విడ్త్: 0 జంటకే.

కార్డుల గ్రిడ్‌కి అందరూ వాడే ఆటో-ఫిట్ (పట్టినన్ని కాలమ్‌లు పెట్టేది), మిన్‌మ్యాక్స్(280 పిక్సెళ్లు, 1ఎఫ్ఆర్) నాకూ ఇష్టమే. మీడియా క్వెరీలు (స్క్రీన్ వెడల్పుని బట్టి వేరువేరు నియమాలు) రాసే పని తప్పుతుంది. కానీ 320 పిక్సెళ్ల స్క్రీన్‌లో రెండు పక్కలా 24 ప్యాడింగ్ (అంచు ఖాళీ) పోతే మిగిలేది 272, కార్డు 280 కంటే తగ్గదు. 280 ఉన్నచోట మిన్(280 పిక్సెళ్లు, 100%), అంటే రెండిట్లో చిన్నది, అని రాస్తే సరి. కనీసానికీ గరిష్ఠానికీ పోటీ వస్తే గెలిచేది ఎప్పుడూ కనీసమే అని గుర్తుంటే ఇలాంటివి ముందే పసిగట్టొచ్చు. ఫొటోకి మ్యాక్స్-విడ్త్ 100% ఇచ్చినా, కోడ్‌లో ఎక్కడో దానికే మిన్-విడ్త్ 400 ఉంటే, ఇరుకు చోట అది బయటికే వస్తుంది.

మిన్-హైట్‌లో నాకు నచ్చనిది శాతాల వ్యవహారం. తల్లి డివ్‌కి మిన్-హైట్ మాత్రమే ఇచ్చి, పిల్ల డివ్‌కి హైట్ 100% రాస్తే పట్టించుకోదు. తల్లిని గ్రిడ్ చేస్తే పిల్ల దానంతటదే సాగుతుంది, అంతకంటే తేలిక దారి నాకు కనబడలేదు. ఫోన్లలో 100వీహెచ్ (స్క్రీన్ ఎత్తు మొత్తం) పెట్టిన లాగిన్ పేజీలో అడ్రస్ బార్ కొంత చోటు తినేసి అడుగున ఉన్న బటన్ దాక్కునేది. 2022లో ప్రధాన బ్రౌజర్లన్నిటికీ ఎస్‌వీహెచ్ (అడ్రస్ బార్ ఉన్నప్పుడు మిగిలే ఎత్తు), డీవీహెచ్ (బార్‌తో పాటు మారే ఎత్తు) వచ్చాయి. డీవీహెచ్ స్క్రోల్ చేస్తుంటే కదులుతుంది, నేను ఎస్‌వీహెచ్‌తోనే ఉంటాను.

స్పాన్ లాంటి ఇన్‌లైన్ వాటికి (వాక్యంలో మాటలతో పాటే నడిచేవి) మిన్-విడ్త్, మిన్-హైట్ పనిచేయవు, ఇన్‌లైన్-బ్లాక్ చేయాలి. టేబుల్ సెల్స్‌లో మిన్-విడ్త్ ఏం చేయాలో సీఎస్ఎస్ 2.1 చెప్పకుండా వదిలేసింది, నేనైతే సెల్ లోపల ఒక డివ్ పెట్టి దానికే ఇస్తాను. ఫారాలు చేసేవాళ్లు ఫీల్డ్‌సెట్‌ని (ఫారంలోని గడులను గుంపు చేసే బాక్సు) మాత్రం ఓ కంట కనిపెట్టండి. బ్రౌజరే దానికి మిన్-విడ్త్‌గా మిన్-కంటెంట్ (లోపలున్న దాని కనీస వెడల్పు) పెట్టి పంపుతుంది, ఫోన్‌లో ఫారం పక్కకి పొడుచుకొస్తే అక్కడా అదే లైను, మిన్-విడ్త్: 0.