అబ్బీ రోడ్: బీటిల్స్ నలుగురూ కలిసి చేసిన ఆఖరి ఆల్బమ్

జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్ కలిసి నడిపిన బ్రిటిష్ రాక్ బృందం బీటిల్స్ చివరి ఆల్బమ్ ఏదని అడిగితే రెండు జవాబులు వస్తాయి. విడుదల తేదీని బట్టి చూస్తే 1970 మే నెలలో వచ్చిన ‘లెట్ ఇట్ బీ’ చివరిది, అయితే అందులోని పాటల్లో ఎక్కువ భాగం 1969 జనవరిలోనే రికార్డయ్యాయి. ఆ తర్వాత నలుగురూ మళ్లీ కలిసి, నిర్మాత జార్జ్ మార్టిన్‌తో పట్టుదలగా కూర్చుని చేసిన ఆల్బమ్ 1969 సెప్టెంబర్ 26న విడుదలైన ‘అబ్బీ రోడ్’. నా లెక్కలో వారి వీడ్కోలు ఇదే.

ఎల్‌పీ రికార్డు మొదటి వైపు ఎగుడుదిగుడుగా సాగుతుంది. జార్జ్ హారిసన్ రాసిన ‘సమ్‌థింగ్’‌లో పాల్ మెకార్ట్‌నీ బేస్ గిటార్ పాటకు తోడుగా మరో పాట పాడుతున్నట్టు నడుస్తుంది. ‘మాక్స్‌వెల్స్ సిల్వర్ హామర్’‌ను మాత్రం ఇన్నేళ్లయినా నేను ఓపిగ్గా వినలేకపోతున్నాను. ఈ వైపు చివరన ఉన్న ‘ఐ వాంట్ యూ’ దాదాపు 8 నిమిషాల పాట. మూగ్ సింథసైజర్ (ఎలక్ట్రానిక్ ధ్వనులు పుట్టించే వాద్యం) హోరు అంతకంతకూ పెరుగుతూ వెళ్లి, ఒక్కసారిగా తెగిపోతుంది. మొదటిసారి విన్నప్పుడు కరెంటు పోయిందనుకుని నేను లేచి చూశాను.

అసలు సంపద రెండో వైపు ఉంది. గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ ఇంటి తోటలో హారిసన్ రాసుకున్న ‘హియర్ కమ్స్ ద సన్’ మధ్యలో ఒకే పదబంధం లెక్క మారుతూ పదేపదే తిరిగి వచ్చే చోటు, కచేరీలో మృదంగం ముక్తాయింపు వినడం అలవాటైన చెవికి ఏమాత్రం కొత్తగా అనిపించదు. సితార్ విద్వాంసుడు రవిశంకర్ దగ్గర హారిసన్ చేసిన సాధన వృథా పోలేదు. ‘బికాజ్’‌లో ముగ్గురి గొంతులను మూడేసి సార్లు రికార్డు చేసి తొమ్మిది గొంతుల గానంగా కూర్చారు. దీన్ని మంచి హెడ్‌ఫోన్స్‌తో వినాలి. ఆ తర్వాత అసంపూర్తిగా మిగిలిన చిన్నచిన్న పాటలను కలిపి కుట్టిన మాలిక మొదలవుతుంది. విడిగా వింటే వాటిలో కొన్ని తేలిపోతాయి కానీ, వరుసలో ఒకదాని భారాన్ని మరొకటి మోస్తుంది. అందుకే దీన్ని షఫుల్‌లో వినడం, పాటల మధ్య ప్రకటనలు వచ్చేలా వినడం రెండూ దండగే. ‘ది ఎండ్’‌లో రింగో స్టార్ డ్రమ్స్ విన్యాసం ముగియగానే మెకార్ట్‌నీ, హారిసన్, లెనన్ వంతులవారీగా గిటార్ అందుకుంటారు. ఏ వంతు ఎవరిదో స్వరం వినే చెప్పవచ్చు.

కొనదలచినవారికి 2019లో జార్జ్ మార్టిన్ కొడుకు జైల్స్ మార్టిన్ చేసిన కొత్త మిక్స్ (వాద్యాల, గొంతుల పాళ్లను మళ్లీ కూర్చిన రూపం) దొరుకుతుంది. అందులో డ్రమ్స్, బేస్ మరింత స్పష్టంగా ఉన్నాయి, కానీ పాత మిక్స్‌లోని మెత్తదనం నాకు ఎక్కువ ఇష్టం.

‘ది ఎండ్’ ముగిశాక రికార్డు తీసేయవద్దు. కొన్ని క్షణాల నిశ్శబ్దం తర్వాత 23 సెకన్ల ‘హర్ మెజెస్టీ’ వినిపిస్తుంది. మాలిక మధ్యలోంచి మెకార్ట్‌నీ తీసేయమన్న ఈ పాటను, రికార్డు చేసినదేదీ పారేయకూడదన్న స్టూడియో నియమం వల్ల ఒక సహాయకుడు టేపు చివర అతికించి ఉంచాడు. మెకార్ట్‌నీకి అది అలాగే నచ్చింది. కత్తిరించిన చోటు సరిగ్గా కుదరనందున, అది వేరే పాట ఆఖరి మోతతో మొదలవుతుంది, దాని సొంత ఆఖరి స్వరం మాత్రం వినిపించదు.