హెచ్‌డీఆర్ ఫొటోలు: నీడను నీడగా వదిలితేనే అందం

హెచ్‌డీఆర్ అంటే ఒకే దృశ్యాన్ని వేర్వేరు వెలుతురుల్లో కొన్ని ఫ్రేములుగా తీసి, ఒకే ఫొటోగా కలపడం. చాలాకాలం వాడాక చెబుతున్న మాట. కిటికీ ఉన్న గది, చీకటి మంటపం, సూర్యుడు ఎదురుగా ఉన్న కొండవాలు, వీటికి హెచ్‌డీఆర్‌ను మించింది లేదు. ముఖాలకు మాత్రం వద్దు, చర్మం మీద ప్రతి మచ్చా పైకి తేలుతుంది.

తీసేటప్పుడు ట్రైపాడ్, రా ఫార్మాట్ (కెమెరా సర్దని ముడి ఫైలు), ఐఎస్‌ఓ (వెలుతురుకు సున్నితత్వం) 100. ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మాన్యువల్‌లో. అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/8 దగ్గర పెట్టి ఇక ముట్టుకోకూడదు. అది మారితే ఫోకస్ లోతు మారి ఫ్రేములు సరిగా అతకవు. మార్చాల్సింది షట్టర్ వేగమే. రెండేసి స్టాపుల (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు) తేడాతో 1/60, 1/15, 1/4 సెకను, మూడు ఫ్రేములు చాలాచోట్ల సరిపోతాయి. కిటికీ బయట ఎండ మండిపోతుంటే ఐదు తీయండి. చీకటి ఫ్రేములో హిస్టోగ్రామ్ (ఎడమవైపు చీకటిని, కుడివైపు వెలుతురును చూపే గ్రాఫ్) కుడి అంచుకు తగలకూడదు, వెలుతురు ఫ్రేములో ఎడమ అంచుకు తగలకూడదు. రెండోది చూసుకోకపోతే, తర్వాత నీడల్ని పైకి లాగినప్పుడు నాయిస్ (గరుకు చుక్కలు) బయటపడుతుంది.

కదిలే ఆకులు, మనుషులు దయ్యాల్లా రెండు మూడు చోట్ల కనిపిస్తారు. లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో, ఈ దయ్యాల్ని తొలగించే డీఘోస్ట్‌ను ముందు 'లో'లో పెట్టి చూడండి. అది ఆ భాగాన్ని ఒకే ఫ్రేము నుంచి తీసుకుంటుంది కాబట్టి, ఎక్కువ పెంచితే అక్కడ నాయిస్ తేడా తెలుస్తుంది.

అసలు అందం చెడేది టోన్ మ్యాపింగ్‌లోనే, అంటే కలిపిన ఫొటోలోని వెలుగు తేడాల్ని తెర చూపగలిగేంతకు కుదించేటప్పుడే. ఇంటి కప్పు ఆకాశాన్ని తాకే గీతను వంద శాతం జూమ్‌లో చూడండి. కప్పు వెంబడి తెల్లటి పట్టీ ఉంటే అదే హేలో. సాఫ్ట్‌వేర్ ప్రతి పిక్సెల్‌ను చుట్టుపక్కల సగటు వెలుగుతో పోల్చి సర్దుతుంది. అంచు దగ్గర ఆ సగటులో కప్పు చీకటి కూడా కలుస్తుంది, దాంతో ఆకాశం అక్కడ ఉండాల్సినదానికంటే తెల్లబడుతుంది. ఈ సర్దుబాటు (లోకల్ కాంట్రాస్ట్) బలం తగ్గించడమే మందు. తెల్ల మబ్బులు మసిబారినట్టు బూడిదరంగుకు తిరగడమూ ఈ అతి వల్లే. నా లెక్కలో, బొమ్మలో ఎక్కడో ఒకచోట నిజమైన నలుపు మిగలాలి. 1850లలోనే ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ గుస్తావ్ ల గ్రే ఆకాశానికి ఒక నెగటివ్, సముద్రానికి ఒక నెగటివ్ వాడి ముద్రించాడు. ఆ చిత్రాల్లో చీకటి చీకటిగానే ఉంది, అందుకే నేటికీ చూడబుద్ధేస్తాయి.

మబ్బు పట్టిన రోజు ఈ శ్రమంతా అనవసరం. ఒక్క రా ఫైలు చాలు.