పాత సెన్సస్‌లో మీ ముత్తాత పేరు తీసిస్తామంటే డబ్బు కట్టకండి

ఒంగోలు, నెల్లూరు, గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబాలవాళ్లు ముఖ్యంగా చదవండి. "చర్చి రిజిస్టర్లు, బ్రిటిష్ కాలం సెన్సస్ చూసి మీ వంశవృక్షం తీసిస్తాం" అని వాట్సాప్‌లో ప్రచారం చేసుకునే ఒక సంస్థకు మేం 18,000 రూపాయలు కట్టాం. లామినేషన్ చేసి, ఎర్ర సీలు కొట్టిన రెండు కాగితాలు పంపారు. రెండూ దొంగవే.

మొదటిది 1881 సెన్సస్ షీటట. మా తాతగారి తాత, ఆయన భార్య, పిల్లలు, అందరి పేర్లూ వయసులతో సహా ఉన్నాయి. పైన "గుంటూరు జిల్లా, ఒంగోలు తాలూకా" అని అచ్చు. గుంటూరు జిల్లా ఏర్పడిందే 1904లో! 1881లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. అది అలా ఉంచండి, మన దేశంలో ఆనాటి ఇంటింటి షీట్లను అసలు దాచనే లేదు. లెక్కలు కట్టి, పట్టికలు అచ్చేశాక వదిలేశారు. స్వాతంత్ర్యం తర్వాతవి అడిగినా 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఎవరికీ చూపించరు. ఇంగ్లండులో మాత్రం నూరేళ్లు దాటిన సెన్సస్‌ను పేర్లతో సహా బయటపెడతారు, 1921ది కూడా వచ్చేసింది. "లండన్ నుంచి తెప్పించాం సార్" అని వీళ్లు నమ్మించేది ఆ పేరు చెప్పే.

రెండోది బాప్తిస్మ పత్రం. ఇది మరీ ఘోరం. నెల కూడా నిండని పసిబిడ్డకు ఒంగోలు బాప్టిస్టు చర్చిలో బాప్తిస్మం ఇచ్చారని రాశారు. బాప్టిస్టులు పసిపిల్లలకు ఇవ్వరు కదా, విశ్వాసం ఒప్పుకున్నవాళ్లకే నీళ్లలో ముంచి ఇస్తారు. మా అత్తయ్య చూడగానే పట్టేసి, "ఎవడ్రా ఇది రాసింది?" అంది. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన మిషన్ అది. అందులో మీ పెద్దలూ ఉన్నారని ఎవరైనా చెబితే సంతోషమే, కానీ రిజిస్టరు పేజీ చూపించమనండి.

లూథరన్, కేథలిక్ చర్చిల సంగతి వేరు. అక్కడ పసిబిడ్డలకూ ఇస్తారు కాబట్టి రిజిస్టరులో తల్లిదండ్రుల పేర్లు దొరికే అవకాశం ఉంది. ముందు మీరే పాస్టరుగారినో ఫాదరుగారినో కలిసి అడగండి. మధ్యవర్తి తప్పదనుకుంటే, పైనా కిందా ఉన్న ఎంట్రీలు కనబడేలా పేజీ మొత్తం ఫొటో, రిజిస్టరు నంబరు అడగండి. టైపు చేసిన సర్టిఫికెట్ ఒప్పుకోవద్దు. మేం పేజీ ఫొటో అడిగిన దగ్గర్నుంచి ఆ సంస్థ నడిపే ఆయన ఫోన్ ఎత్తడం లేదు. అంతకుముందు డబ్బు వాపసు అడిగితే మాత్రం "అది వెతికినందుకు ఫీజండీ" అన్నాడు.

యూపీఐలో కట్టినవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి ఫోన్ చేయండి. చాట్లు, స్క్రీన్‌షాట్లు డిలీట్ చేయకండి.