అశ్వగంధ క్యాప్సూల్స్ రెండు నెలలు వాడాక

జిమ్‌లో అందరూ అశ్వగంధ అశ్వగంధ అంటుంటే నేనూ తెప్పించుకున్నా. మనవాళ్లు పెన్నేరు గడ్డ అనేది దీన్నే. డబ్బాలో 60 క్యాప్సూల్స్, ఒక్కోదాంట్లో 300 మిల్లీగ్రాముల వేరు సారం, అందులో విథనోలైడ్లు (అశ్వగంధలో పనిచేసే ముఖ్య పదార్థాలు) 5 శాతం. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి చొప్పున రెండు డబ్బాలు అయిపోయాయి.

నాకు అసలు తేడా తెలిసింది నిద్రలో. మూడో వారం నుంచి పడుకుంటే తెల్లారేదాకా మెలకువ రావట్లేదు, స్క్వాట్స్ చేసిన మర్నాడు తొడలు పట్టేసి గోడ పట్టుకుని మెట్లు దిగేవాణ్ణి, ఆ నొప్పి కూడా బాగా తగ్గింది. బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకుని బరువు పైకెత్తడం) 50 కిలోల నుంచి 57.5కి వచ్చింది. అంతా క్యాప్సూల్ మహిమే అనను, ఈ రెండు నెలలూ జిమ్ ఎగ్గొట్టలేదు, రోజూ తినే గుడ్లు కూడా పెంచాను.

మన దేశంలోనే 57 మంది మగవాళ్ల మీద 8 వారాల పాటు చేసి 2015లో ప్రచురించిన పరిశోధన ఉంది, మోతాదు కూడా ఇదే. అశ్వగంధ వాడినవాళ్లు బెంచ్ ప్రెస్‌లో సగటున 46 కిలోలు పెంచితే, మందు లేని ఉత్త క్యాప్సూల్ వేసుకున్నవాళ్లు 26 కిలోలు పెంచారు. కండరాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే క్రియాటిన్ కైనేజ్ కూడా అశ్వగంధ వాళ్లలో ఎక్కువ తగ్గింది. కాకపోతే వాళ్లు బరువులెత్తడానికి కొత్తవాళ్లు, అందుకే అంత పెద్ద అంకెలు. ఏళ్ల తరబడి చేస్తున్నవాళ్లు అంత ఆశ పెట్టుకోవద్దు. ఉత్త క్యాప్సూల్‌తోనే 26 కిలోలు పెరిగాయంటే అది కసరత్తు చలవే కదా.

దీనికంటే ముందు ఒక షాపులో పొడి కొని మోసపోయాను. వేరుదా ఆకుదా రాయలేదు, విథనోలైడ్ల శాతం అసలే లేదు, వాడిన నెలలో ఏ తేడా కనపడలేదు. కాబట్టి లేబుల్ మీద ఈ రెండూ లేకపోతే కొనకండి. పరగడుపున వేసుకుంటే నాకు కడుపులో తిప్పింది, తిన్నాక పాలతో వేసుకుంటే ఏ ఇబ్బందీ లేదు.

మా అక్క తనకూ కావాలంది, నేను ఇవ్వలేదు. తను థైరాయిడ్ మాత్రలు వాడుతోంది, ఇది థైరాయిడ్ హార్మోన్లను పెంచే అవకాశం ఉంది, డాక్టర్‌ని అడగకుండా వద్దన్నాను. గర్భిణులు అసలు ముట్టుకోవద్దు. అరుదుగా కాలేయం దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి, కళ్లు పచ్చబడినా మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపేసి ఆసుపత్రికి వెళ్లండి.

మూడో డబ్బా ఇంకా కొనలేదు. ఒక నెల ఆపి, నిద్ర ఎలా ఉంటుందో చూస్తాను.