పొట్టి ఫిన్స్‌తో మూడేళ్ళు

స్విమ్మింగ్ పూల్లో కిక్ బోర్డు (నీళ్ళలో తేలే పలక) పట్టుకుని కాళ్ళాడిస్తుంటే పక్క లేన్‌లోంచి మా అమ్మాయి "నాన్నా, నువ్వు వెనక్కి పోతున్నావ్!" అని అరిచింది. ఆటపట్టిస్తోందనుకున్నా. గోడ టైల్స్ మీద గీత చూసుకుంటే నిజమే, జానెడు వెనక్కి జరిగాను. అప్పటికి నాకు నలభై మూడేళ్ళు. చిన్నప్పుడు వీపుకు బెండ్లు కట్టుకుని మా ఊరి బావిలో ఈత నేర్చినవాణ్ణి, అదీ నా గొప్ప.

బావి ఈత వేరు. తల పైకెత్తుకుని సైకిల్ తొక్కినట్టు కాళ్ళాడిస్తే మునగకుండా తేలతాం, అంతే. దానికి తోడు పదేళ్ళు రోడ్డు మీద పరుగులు పెట్టిన కాళ్ళాయె, చీలమండలు బిగుసుకుపోయాయి. కిక్ కొట్టేటప్పుడు పాదం బొటనవేలి దాకా సాగి ఉండాలి. నాది కొక్కెంలా వేలాడేది. అలాంటి పాదం నీళ్ళని ముందుకు తోస్తుంది, మనిషిని వెనక్కి పంపిస్తుంది.

కోచ్ కుర్రాడు "ఫిన్స్ కొనండి సార్" అన్నాడు, అంటే పాదాలకి తొడుక్కునే ఈత రెక్కలు. ఏవి కొనాలో అడగకుండా ఆన్‌లైన్‌లో పొడుగాటి రబ్బరువి తెప్పించాను. అది నా తెలివితక్కువ. ఫ్రెంచి నౌకాదళ అధికారి లూయీ ద కోర్లియు 1933లో ఈ తరహా ఫిన్స్‌కి పేటెంట్ తీసుకున్నాడు. డైవింగ్ చేసేవాళ్ళకి పొడుగు రెక్కలు చక్కగా పనికొస్తాయి, నెమ్మదిగా ఒక్క ఊపు ఊపితే బోలెడు దూరం పోతారు. పూల్లో ఫ్రీస్టైల్, అంటే చేతులు మార్చి మార్చి వేసే ఈత, నేర్చుకునేవాడికి మాత్రం ఆ బరువుకి కాళ్ళ లయే మారిపోతుంది. నాలుగు వారాలు తంటాలు పడి అటక మీద పడేశాను.

తర్వాత కొన్నవి సిలికాన్‌వి, పొట్టివి. రెక్క నా పాదం దాటి అరచెయ్యంత ఉంటుందేమో. రెండువేల చిల్లర పడ్డాయి. మూడేళ్ళుగా వారానికి మూడు రోజులు వాడుతున్నవి ఇవే.

ఇవి నాకు నేర్పింది వేగం కాదు. మోకాళ్ళు మడిచి సైకిల్ తొక్కితే రెక్క నీళ్ళని కోసుకుంటూ జారిపోతుంది, ఏమీ తగలదు. తుంటి దగ్గర్నుంచి తొడతో కొట్టినప్పుడు మాత్రం పాదం పైన నీటి బరువు తెలుస్తుంది. కాలు పైకి లేపేటప్పుడు అదే బరువు అరికాలికి తగులుతుంది. పైకి లేపడం కూడా కిక్‌లో భాగమేనని కోచ్ ఆర్నెల్లు చెప్పినా నాకు ఎక్కలేదు, ఫిన్స్ వేసుకున్న రెండో వారంలోనే ఎక్కింది.

అంతకంటే పెద్ద లాభం ఊపిరి దగ్గర. పక్కకి తిరిగి, ఒక చెయ్యి ముందుకు చాచి, కిక్‌తోనే వెళ్ళే డ్రిల్ ఉంది కదా, వట్టి కాళ్ళతో చేస్తే నాలుగు మీటర్లకే నడుం కిందికి జారిపోయేది. ముక్కులోకి నీళ్ళు, టెన్షన్. ఫిన్స్‌తో ఒళ్ళు పైనే ఉంటుంది కాబట్టి తల ఎప్పుడు తిప్పాలి, ఎంత తిప్పాలి అన్నది తీరిగ్గా చూసుకునే వీలు దొరికింది. తొడ కండరాలు పెద్దవి, ఊపిరిని ఊరికే తాగేస్తాయి. అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్ళు కాళ్ళు టపటపలాడించి పాతిక మీటర్లకే రొప్పుతారు. నేనూ అంతే.

బాధలూ ఉన్నాయి. మొదటి నెలలో పిక్క పట్టేసింది, ఒకసారి కాదు, నాలుగుసార్లు. గోడ పట్టుకుని కాలివేళ్ళని మోకాలి వైపు లాగి పట్టుకుంటే వదిలేది. నేను తొడిగేది ఎనిమిదో నంబరు చెప్పు. 7-8 సైజు తెప్పిస్తే అరికాలు గుంజేసింది, 8-9 మార్చుకుంటే మడమ వెనక ఒరుసుకుని బొబ్బ లేచింది. చివరికి పాత ఆఫీసు నైలాన్ సాక్సులు తొడిగి పెద్దవే వాడుతున్నా. చూసినవాళ్ళు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. వీలైతే షాపులో పాదం తడిపి వేసి చూసి కొనండి.

ఫిన్స్‌తో గట్టు మీద నడవకండి. అంచున కూర్చుని తొడుక్కుని దిగిపోవాలి. పూల్ రద్దీగా ఉన్నప్పుడు అసలు వేసుకోను, నా రెక్క ఒకాయన మోచేతికి తగిలి మాటలు పడ్డాను. బ్రెస్ట్ స్ట్రోక్‌కి ఇవి వద్దేవద్దు, ఆ కప్ప కిక్‌లో మోకాలు మెలిపడుతుంది.

అసలు చిక్కు అలవాటు. రెండో ఏడాది పదిహేను వందల మీటర్లలో వెయ్యి మీటర్లు ఫిన్స్‌తోనే ఈదేవాణ్ణి. హాయిగా ఉండేది. ఓ రోజు మర్చిపోయి వెళ్తే కాళ్ళు ఇనుప గుండ్లయ్యాయి, బావి రోజులే నయమనిపించింది. పోటీల్లోనూ ఫిన్స్ ఒప్పుకోరు కదా అని కోచ్ ఎత్తిపొడిచాడు, నేనేదో పోటీలకి వెళ్ళేవాడిలా! అప్పట్నుంచి నాలుగు వందల మీటర్లు మించనివ్వను. విప్పిన వెంటనే వట్టి కాళ్ళతో వంద మీటర్లు ఈదుతా. రెక్క నేర్పిన స్పర్శ పాదంలో ఇంకా మిగిలి ఉంటుంది, అది పోకముందే వాడుకోవాలి. దీంతోపాటు లోతు వైపు నిలువుగా నిలబడి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఇరవై సెకన్లు కిక్. సైకిల్ తొక్కితే గడ్డం మునిగిపోతుంది, అక్కడ మోసం కుదరదు.

బోర్డుతో పాతిక మీటర్లకి మొదట్లో దాదాపు రెండు నిమిషాలు పట్టేది. ఇప్పుడు వట్టి కాళ్ళతో 48 సెకన్లు, ఫిన్స్‌తో 28. తగ్గిందంతా ఫిన్స్ పుణ్యమే అనను. రోజూ రాత్రి టీవీ ముందు మడమల మీద కూర్చుని చీలమండలు సాగదీసిన వాటా కూడా ఉంది.

సిలికాన్ కాస్త పచ్చబడింది కానీ మెత్తదనం పోలేదు. క్లోరిన్ పోయేలా మంచినీళ్ళతో కడిగి నీడన ఆరేస్తా, సంచిలో మడిచి కుక్కను. కుడిదానికి మడమ అంచున, వేలుపెట్టి లాగే చోట, గోరంత చీలిక వచ్చింది. ఇంకో ఏడాది లాగిస్తాయి. అటక మీద పొడుగువి అలాగే ఉన్నాయి, మొన్న మా అమ్మాయి దించి దుమ్ము దులిపింది, అండమాన్ ట్రిప్పుకట.